సంధిపత్రమున పుట్టిన నగరము



మన దేశమున నగరములు పుట్టిన తీరులు పెక్కులు. నదీతీరమున రేవు ఏర్పడి, రేవు చుట్టును వర్తకులు చేరి, క్రమముగా పట్టణములైనవి కొన్ని. దేవాలయప్రాకారము చుట్టును వీథులు పెరిగి పుణ్యక్షేత్రములైనవి కొన్ని. కొండపై కోట కట్టిన రాజు కొండక్రింద పేట పెట్టింపగా వెలసినవి మఱికొన్ని. సికింద్రాబాదు ఈ కోవలలో దేనికిని చెందదు. ఇది రెండు ప్రభుత్వముల నడుమ వ్రాయబడిన సంధిపత్రముల నుండి పుట్టిన నగరము. ఒక ప్రభుత్వము తన సైన్యమును మఱియొక ప్రభుత్వపు గడ్డపై శాశ్వతముగా నిలుపుటకు ఒప్పందము కుదుర్చుకొనగా, ఆ సైన్యమునకు గుడారములు, గుడారములకు బజారు, బజారునకు రక్షకభటులు, రక్షకభటులకు న్యాయాధికారి, ఇట్లొకదాని వెంట నొకటి వచ్చి చేరి, నూటనలువది యేండ్ల పాటు ఒక ఊరిని పాలించిన విధము నేటి ప్రసంగవిషయము. దూరదేశపు రాజధానులలో కూర్చున్నవారి ఎత్తుగడలు సామాన్యగృహస్థుని వాకిటిదాక ఎట్లు నడచివచ్చునో తెలిసికొనగోరు వారికి ఇంతకంటె మంచి ఉదాహరణము తెలుగునాట దొరకదని నా నమ్మకము.

ఈ చరిత్రకు మొదలు పదునెనిమిదవ శతాబ్దపు చివరి దశకమున కలదు. 1795 మార్చిలో ఖర్దా యుద్ధమున మహారాష్ట్రుల చేత ఓడిన రెండవ ఆసఫ్ జాహ్ నిజాం అలీఖాన్, తన రాజ్యమునకు పడమట పీష్వా వలనను, దక్షిణమున టిప్పు సుల్తాను వలనను ముప్పు తప్పదని గ్రహించెను. అంతకుముందు ఆయన ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ సాయమును ఆశించినను, నాటి గవర్నరు జనరలు సర్ జాన్ షోర్ ఆ కలహమున తలదూర్చక ఊరకుండెను. అందుచే నిజాం తన కొలువులోని ఫ్రెంచి సేనాని రేమాండ్ శిక్షణయిచ్చిన దళములను పెంచుకొని, వానిపైననే భారము వేసెను. 1798 మే నెలలో కలకత్తాకు గవర్నరు జనరలుగా వచ్చిన వెల్లస్లీ కంటికి ఈ దళములే నలుసులైనవి. ఐరోపాఖండమున ఇంగ్లండునకును ఫ్రాన్సునకును యుద్ధము సాగుచుండెను. ఆ వేసవిలోనే నెపోలియన్ ఈజిప్టు తీరమున సేనలతో దిగెను. శ్రీరంగపట్టణమునుండి టిప్పు ఫ్రెంచివారికి రాయబారములు పంపుచుండెను. పారిస్, కైరో, శ్రీరంగపట్టణములను ఒకే పటముపై పెట్టి చూచిన వెల్లస్లీ తన ప్రణాళికలో తొలి అడుగు హైదరాబాదున వేయ నిశ్చయించెను.

ఆ అడుగు వేసినవాడు హైదరాబాదు దర్బారున కంపెనీ రాయబారి, అనగా రెసిడెంటు, అయిన జేమ్స్ అకిలీస్ కర్క్‌పాట్రిక్. 1798 సెప్టెంబరు 1వ తేదీన ఆయన కుదిర్చిన సంధి ప్రకారము కంపెనీ సైన్యము ఆరు పటాలములుగా నిజాం రాజ్యమున శాశ్వతముగా నిలువవలెను. అందులకై నిజాం ప్రభుత్వము ఏటేట 24,17,100 రూపాయలు చెల్లింపవలెను. ఫ్రెంచి దళములు రద్దు కావలెను. రేమాండ్ ఆ మార్చిలోనే మరణించియుండెను. ఆయన వెనుక వచ్చిన పిరాన్ చేతిలోని దళములను అక్టోబరులో కంపెనీ సేనలు చుట్టుముట్టగా, జీతములు అందక అప్పటికే కలతపడియున్న సిపాయిలు యుద్ధము లేకయే ఆయుధములు దించిరి. రక్తపాతము లేకుండ ఒక పెద్ద సైన్యము ఒక్కదినమున అదృశ్యమగుట దౌత్యపు విజయమని కలకత్తాలో కొనియాడబడినది. హైదరాబాదు దర్బారునకు మాత్రము ఆ దినముతో స్వతంత్రసైనికబలమన్నది దాదాపు ముగిసినట్లయ్యెను.

రెండేండ్లకు, 1800 అక్టోబరు 12వ తేదీన, ఆ సంధి మఱింత బిగువైనది. పటాలములు ఎనిమిదైనవి; అశ్వదళములు రెండైనవి; కంపెనీతో సంప్రదింపకుండ పరరాజ్యములతో మంతనములు జరుపరాదను షరతు వచ్చి చేరినది. సైన్యపు ఖర్చునకు ఏటేట నగదు చెల్లించు బాధ తొలగుటకై, మైసూరు యుద్ధముల ఫలితముగా 1792లోను 1799లోను తన భాగమునకు వచ్చిన ప్రాంతములను నిజాం కంపెనీకి అప్పగించెను. బళ్ళారి, అనంతపురము, కడప సీమలును కర్నూలు సీమలో కొంత భాగమును దత్తమండలములను పేరుతో ఇంగ్లీషువారి ఏలుబడిలోనికి పోయినది ఇందువలననే. ఆ సీమకు థామస్ మన్రో ప్రధానకలెక్టరై, రైతువారీ పద్ధతికి దారితీసిన భూమికొలతలను అక్కడ సాగించెను. శ్రోతలు ఒక్క విషయమును గమనింపవలెను. హుస్సేన్ సాగరమునకు ఉత్తరమున గుడారములు వేసికొన్న సిపాయి జీతమునకై, పెన్నానది ఒడ్డున సేద్యము చేసికొను రైతు ప్రభుత్వమే మారిపోయినది. ఆ రైతును అడిగినవారు లేరు. ఆయనకు చెప్పినవారును లేరు.

సంధి కుదిరిన పిమ్మట దానిని నడపుటకు రెండు స్థలములు కావలసివచ్చినవి. ఒకటి కలమునకు, రెండవది ఖడ్గమునకు. కలమునకు స్థలము మూసీనదికి ఉత్తరపుటొడ్డున, నేడు కోఠి యనబడుచోట, రెసిడెన్సీ భవనమై లేచినది. కర్క్‌పాట్రిక్ తలపెట్టి, సామ్యుయెల్ రస్సెల్ నిర్మాణమును రూపొందించిన ఆ సౌధపు ఎత్తైన స్తంభములు, విశాలమైన సోపానములు, దర్బారుశాల నేటికిని మహిళా విశ్వవిద్యాలయపు ఆవరణమున చూడవచ్చును. ఆ భవనమునకైన వ్యయమును భరించినది నిజాం ఖజానా. నదికి ఆవలి యొడ్డున పాతనగరము, ఈవలి యొడ్డున రెసిడెంటు. నడుమ మున్షీలు మోసికొనిపోవు పారసీక లేఖలు. రాజ్యమున దివాను ఎవరు కావలెను, ఏ జమీందారునకు ఏ హక్కు నిలువవలెను, ఏ అప్పు ఎప్పుడు తీర్పవలెను అను ప్రశ్నలకు సమాధానములు ఆ లేఖలలోనే రూపుదాల్చెడివి.

ఖడ్గమునకు స్థలము నగరమునకు సుమారు ఆరుమైళ్ళ దూరమున, హుస్సేన్ సాగరమునకు ఆవల, అల్వాలు గ్రామము చెంత ఎత్తైన మైదానమున ఏర్పడినది. స్థలనిర్ణయమునందే దౌత్యము కలదు. నగరమునకు మఱీ దగ్గరయైనచో దర్బారునకు అవమానముగా తోచును. మఱీ దూరమైనచో అవసరమునకు సైన్యము అందదు. ఒక్కపూట నడకలో కోటగుమ్మము చేరగల దూరము, ఐనను కోటగుమ్మమునుండి కంటబడని దూరము. సైన్యమును నిలుపుటకు ఇంతకంటె తగిన చోటు లేదు. ఇబ్రహీం కుతుబ్ షా కాలమున హుస్సేన్ షా వలీ త్రవ్వించిన సరస్సు నీటికి ఆధారమయ్యెను. 1803లో గద్దెనెక్కిన మూడవ ఆసఫ్ జాహ్ సికందర్ జాహ్ పేర ఈ శిబిరము 1806లో సికింద్రాబాదు అయినది. అక్కడికి వచ్చు సరకులకు సుంకము మినహాయింపు లభించినది. ఆ ఒక్క మినహాయింపే గుడారముల వరుసను వర్తకకేంద్రముగా మార్చినది.

సైన్యము మదరాసు రాజధానికి చెందినది గావున దాని వెంట వచ్చిన జనమును దక్షిణాదివారే. గుత్తేదార్లు, దుబాసీలు, గుమాస్తాలు, వంటవారు, చాకలివారు, బోయీలు, బండ్లవారు తమిళదేశమునుండియు సర్కారు జిల్లాలనుండియు వచ్చి స్థిరపడిరి. వడ్డీవ్యాపారమునకు మార్వాడీలు, దూరదేశపు సరకులకు పార్శీలు చేరిరి. పార్శీల అగ్నిదేవాలయము 1847లో వెలసినది. రెజిమెంటల్ బజారు, జనరల్ బజారు, లాల్ బజారు అను పేర్లు ఆ కాలపు దండు జీవితమును నేటికిని తెలుపుచున్నవి. ఊరు ఎవరి ప్రణాళిక ననుసరించి వేయబడినను, దానికి ప్రాణము పోసినవారు ఈ శ్రమజీవులే. అందులకు సాక్ష్యముగా ఉజ్జయినీ మహంకాళి ఆలయముకంటె గొప్పది లేదు. సైన్యమున డోలీ మోయు సురిటి అప్పయ్య 1813లో పటాలముతోకూడ ఉజ్జయినికి పోయినపుడు ఇక్కడ మహమ్మారి వ్యాపించెననియు, తమవారు బ్రదికినచో అమ్మవారిని తమ ఊరికి కొనివత్తునని ఆయన మ్రొక్కుకొనెననియు, తిరిగివచ్చి 1815లో దారువిగ్రహమును నిలిపెననియు లష్కరు, అనగా దండు, అని పిలువబడు ఈ ఊరి ప్రజలు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. ఆషాఢమున నేటికిని జరుగు లష్కర్ బోనాలకు మూలమదియే. కంపెనీవారి దస్త్రములలో డోలీబోయీ జీతపుపద్దులలో ఒక అంకె మాత్రమే. ఊరి స్మృతిలో మాత్రము ఆయనయే వ్యవస్థాపకుడు.

ఇక పరిపాలనమున గల విచిత్రమును చూతము. ఈ నేలకు యజమాని నిజాం. సార్వభౌమాధికారము ఆయనదేయని ప్రతి సంధియు ఒప్పుకొన్నది. ఐనను ఈ నేలపై దొంగను పట్టుటకు, వ్యాజ్యమును తీర్చుటకు, పన్ను వసూలు చేయుటకు, బజారులో తూనికలు పరీక్షించుటకు అధికారము బ్రిటిషువారిది. ఇల్లు ఒకరిది, తాళపుచెవి మఱియొకరిది అన్నట్లుండెను వ్యవహారము. కంటోన్మెంటు మేజిస్ట్రేటు ఊరి నేరములను, దావాలను విచారించెడివాడు. ఆయన పైన రెసిడెంటు ఉన్నతన్యాయస్థానాధికారములను వహించెడివాడు. బ్రిటిషు ఇండియాలోని చట్టములను ప్రకటనల ద్వారమున ఇక్కడ అమలుపెట్టెడివారు. ఇట్టి పరభూమిలోని అధికారమునకు 1902లో ఇంగ్లండు రాజు సభనుండి వెడలిన ప్రత్యేకశాసనము ఆధారమయ్యెను. రాయబారి యొకడే న్యాయమూర్తియు, పన్నుల అధికారియు, పోలీసుల పైయధికారియు కాగా, దౌత్యమునకును స్థానికపాలనకును నడుమ గీత యేదియో సామాన్యునకు తెలియకుండ పోయెను.

ఆ గీత తెలియకపోయినను, దాని ఫలితములు మాత్రము దినదినము తెలిసెడివి. నిజాం రాజ్యమున చెల్లుబడియైన నాణెము హాలీసిక్కా. లష్కరులో చెల్లునది బ్రిటిషు ఇండియా నాణెమైన కల్దారు. ఏడు హాలీ రూపాయలకు ఇంచుమించు ఆరు కల్దారు రూపాయలు వచ్చెడివి. జీతము ఒక నాణెమునను అద్దె మఱియొక నాణెమునను చెల్లించు గుమాస్తా ప్రతినెలయు సరాఫు దుకాణము మెట్లెక్కవలసినదే. తపాలా రెండు విధములు, ముద్రలు రెండు విధములు. రాజ్యమున కచేరీ భాష మొదట పారసీకము, తరువాత ఉర్దూ; లష్కరు కచేరీలలో ఇంగ్లీషు. ఇంటిలో తెలుగో తమిళమో మాటలాడువానికి రెండుచోట్లను తన భాష అక్కఱకు రాకపోయెను. 1874లో వాడినుండి సికింద్రాబాదునకు రైలుమార్గము వేయబడినపుడు దాని ఆర్థికభారము నిజాం రాజ్యముపై పడినది. సైనికావసరములు మాత్రము మార్గనిర్ణయమున ముందుండెను. రైలుభూములపై పోలీసు, న్యాయాధికారములును కాలక్రమమున బ్రిటిషువారికే సంక్రమించినవి. ఇట్లు రాజ్యగర్భమున వేఱొక పాలన గీతలు గీతలుగా సాగిపోయెను.

ఈ లష్కరు యొక్క అసలు బరువు తెలియవలెనన్నచో హైదరాబాదు ఖజానా కథను కూడ స్మరింపవలెను. సంధిప్రకారము నిలిచిన సైన్యము చాలదన్నట్లు, హెన్రీ రస్సెల్ రెసిడెంటుగా నున్న కాలమున నిజాం ఖర్చుతోనే, ఇంగ్లీషు అధికారుల క్రింద, మఱియొక సైన్యము పెంచబడినది. అదియే తరువాత హైదరాబాదు కంటింజెంటు అయి బొల్లారమును ప్రధానస్థానము చేసికొన్నది. దాని జీతములకై పామర్ కంపెనీ యను వడ్డీసంస్థనుండి అప్పులు, అప్పులపై వడ్డీలు, వడ్డీలకై గ్రామములపై గుత్తలు. 1820లో వచ్చిన రెసిడెంటు చార్లెస్ మెట్కాఫ్ ఈ అన్యాయమును బయటపెట్టి, జిల్లాలలో భూమిశిస్తు తనిఖీకి ఇంగ్లీషు అధికారులను నియమించెను. ఉద్దేశము మంచిదేయైనను, అదియు రెసిడెన్సీ చేయి పల్లెలదాక చాచుటయే యని దర్బారు భావించెను. 1829లో గద్దెనెక్కిన నాసిరుద్దౌలా వారిని వెనుకకు పిలువుమని కోరి పిలిపించెను. పామరు అప్పు తీర్చుటకు 1823లో ఉత్తరసర్కారులకై కంపెనీ ఏటేట చెల్లించు పేష్కషును ఒకేమాఱు 1,16,66,666 రూపాయలకు మార్చుకొని, నిజాం ఆ శాశ్వతాదాయమును వదలుకొనవలసివచ్చెను. అప్పటితో సర్కారు జిల్లాలపై నిజామునకు మిగిలియున్న చివరి ధనబంధము తెగిపోయినది.

ఐనను కంటింజెంటు ఖర్చు ఆగలేదు. చందూలాలు దివానుగిరి ముగిసిన పిమ్మటను బాకీలు పెరిగి, చివరకు 1853 మేలో రెసిడెంటు కర్నల్ ‘లో’ తెచ్చిన సంధికి నాసిరుద్దౌలా అయిష్టముతోనే అంగీకరించెను. బీరారు, ధారాశివము, రాయచూరు అంతర్వేది కంపెనీ పాలనలోనికి పోయినవి. ఆ మంతనములు జరిగినంతకాలము లష్కరులోని ఫిరంగులు ప్రేలలేదు, ప్రేలనక్కఱయు లేకుండెను. అవి అక్కడ ఉన్నవను సంగతి మంతనమున కూర్చున్న ఇరుపక్షములకును తెలిసియుండెను. నాలుగేండ్లకు, 1857 జూలై 17వ తేదీన, తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలాఉద్దీన్ నాయకత్వమున జనసమూహము రెసిడెన్సీపై దాడి చేసినపుడు ఆ ఫిరంగులు పలికినవి. తుర్రేబాజ్ ఖాన్ తరువాత చంపబడెను. అలాఉద్దీన్ అండమానునకు పంపబడెను. కంపెనీ పక్షము వహించిన దివాను సాలార్ జంగ్ మూడేండ్లకు, 1860 సంధిలో, రాయచూరు, ధారాశివములను తిరిగి రాబట్టి, సుమారు 50 లక్షల బాకీని రద్దు చేయించెను; బీరారును మాత్రము రాబట్టలేకపోయెను. 1902లో కర్జన్ దానిని ఏటికి 25 లక్షల రూపాయల శాశ్వతపుకౌలుకు తీసికొనెను. ఆ సాలార్ జంగే 1865లో జిలాబందీ నెలకొల్పి, గుత్తదారుల చేతినుండి గ్రామములను విడిపించి, జిల్లాలను, తాలూకాలను ఏర్పఱచెనన్నది ఈ సందర్భమున మఱువరాదు. రెసిడెంటు ఒత్తిడి క్రింద నలుగుచునే, తన రాజ్యపు స్థానికపాలనను తానే చక్కదిద్దుకొనిన దివాను ఆయన.

న్యాయము తప్పక చెప్పవలెనన్నచో, లష్కరు పాలనలో మంచియు కలదు. వీథులు సరళముగా వేయబడినవి. మురుగునీటికి కాలువలు, త్రాగునీటికి ఏర్పాట్లు, టీకాలు, ఆసుపత్రులు రాజ్యములోని అనేకస్థలములకంటె ముందుగా ఇక్కడికి వచ్చినవి. 1897 ఆగస్టు 20వ తేదీన బేగంపేటలోని సైనికవైద్యశాలయందు రోనాల్డ్ రాస్ దోమ కడుపున మలేరియాక్రిమిని కనుగొని, లోకమునకు మహోపకారము చేసి, 1902లో నోబెల్ బహుమతి నందెను. ఆ దోమలకు తన రక్తమును ఇచ్చిన రోగి హుసేన్ ఖాన్ అను స్థానికుడని కూడ మనము కృతజ్ఞతతో తలచుకొనవలెను. 1862లో సోమసుందర మొదలియారు స్థాపించిన పాఠశాల మహబూబు కళాశాలయై, 1893 ఫిబ్రవరిలో వివేకానందస్వామి పడమటిదేశములకు పోవుటకు ముందు ప్రసంగించిన వేదికయైనది. సేఠ్ లక్ష్మీనారాయణ రాంగోపాల్ దానముతో నిర్మితమైన గడియారస్తంభమును 1897 ఫిబ్రవరి 1వ తేదీన రెసిడెంటు ప్లౌడెన్ ప్రారంభించెను. ఈ సంస్థలలో పాఠశాలయు గడియారస్తంభమును పౌరుల ఔదార్యమున వెలసినవని గమనించినచో, ఊరిని నిర్మించుటయందు పౌరులకు గల ఉత్సాహము ఎంతటిదో బోధపడును.

అట్టి ఉత్సాహవంతులైన పౌరులకు తమ ఊరి పాలనలో ఏపాటి చోటు లభించినది? నేనడుగదలచిన ప్రశ్న ఇదియే. కాలువ వేయించిన అధికారి మంచివాడు కావచ్చును. కాని ఆ కాలువ ఎటు పోవలెనని నిర్ణయించుటలో వీథివారి మాట చెల్లలేదు. బారకాసుల ఆరోగ్యము చెడకుండుటకు బజారు శుభ్రముగా నుండవలెను. ఆ లెక్కయే పారిశుద్ధ్యమునకు ప్రథమకారణము. మేజిస్ట్రేటు రెసిడెంటునకు, రెసిడెంటు కలకత్తాకు, తరువాత ఢిల్లీకి, అచ్చటినుండి లండన్‌కు జవాబుదారి. ఈ పొడవైన నిచ్చెనలో పైకి పోవు మెట్లే కలవు గాని, క్రిందనున్న పౌరునివైపు తిరిగి చూచు మెట్టు ఒక్కటియు లేదు. పాలన చక్కగా సాగుట వేఱు, పాలకుడు పాలితునకు జవాబు చెప్పుట వేఱు. మొదటిది దయవలన కూడ లభింపవచ్చును. రెండవది హక్కువలన తప్ప లభింపదు.

ఒక్కొక్కప్పుడు ఈ పాలనాభేదమే ప్రజలకు అనుకోని మేలును చేసినది. నిజాం రాజ్యమున సభలు జరుపుటకు ముందుగా అనుమతి పొందవలెనను గస్తీ నిషాన్ తిర్పన్ వంటి ఉత్తరువులు తెలుగువారి ప్రతి కదలికకును అడ్డుకాగా, రెసిడెంటు పాలనలోనున్న రెసిడెన్సీ బజారులలో కొంత ఊపిరి సలిపెడిది. కొమర్రాజు లక్ష్మణరావుగారు, రావిచెట్టు రంగారావుగారు, మునగాల రాజా నాయని వెంకట రంగారావుగారు పూని 1901 సెప్టెంబరు 1వ తేదీన స్థాపించిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము రెసిడెన్సీ బజారైన సుల్తాన్ బజారుననే స్థిరపడి నేటికిని నిలిచియున్నది. ఆ గ్రంథాలయోద్యమపు వెలుగులోనే ఆంధ్రజనసంఘము, 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను ఆంధ్రమహాసభ ఉదయించినవి. బ్రిటిషువారు కోరి ఇచ్చిన స్వేచ్ఛ కాదది. రెండు అధికారముల సందున దొరికిన చోటును మన పెద్దలు పట్టుదలతో వినియోగించుకొనిన ఫలము.

ఇరువదవ శతాబ్దమున ఈ కట్టడము నెమ్మదిగా సడలినది. బీరారును తిరిగి ఇమ్మని ఏడవ నిజాం కోరగా, 1926 మార్చిలో రాజప్రతినిధి లార్డు రీడింగ్ బ్రిటిషు అధిరాజ్యమునకు సమానుడు ఎవ్వడును లేడని ఖండితముగా వ్రాసెను. ఐనను 1933లో రెసిడెన్సీ బజారులు నిజాం ప్రభుత్వమునకు తిరిగి వచ్చినవి. 1945లో సికింద్రాబాదునకు పురపాలకసంఘము ఏర్పడి, దండుభూములు మినహాగా ఊరు నిజాం పాలన చేరినది. 1947 నవంబరు 29వ తేదీన భారతప్రభుత్వమునకును నిజామునకును కుదిరిన యథాతథపు ఒప్పందము పిమ్మట భారతసైన్యము లష్కరును విడిచిపోయినది. భారతప్రభుత్వ ప్రతినిధి కె. ఎం. మున్షీ బొల్లారమున విడిదిచేసెను. మఱుసటియేడు సెప్టెంబరున నిజాం పక్షపు సాయుధదళమైన రజాకార్ల దౌర్జన్యములు మితిమీరినపుడు భారతప్రభుత్వము నిజాం ముందుంచిన కోరికలలో ప్రధానమైనది, భారతసైన్యమును మరల సికింద్రాబాదున నిలుపుటకు సమ్మతింపుమనుట. 1798లో ఏ షరతుతో కథ మొదలైనదో, నూటయేబది యేండ్లకు హైదరాబాదు సమస్య అదే షరతు వద్దకు వచ్చి నిలిచినది. అయితే ఈ మాఱు ఆ కోరిక వెనుకనున్నది స్వతంత్రభారతము. సెప్టెంబరు 13వ తేదీన మొదలైన సైనికచర్య 18వ తేదీకి ముగిసినది.

తరువాతి దశ ప్రజాపాలనమునకు చెందినది. 1950లో హైదరాబాదునకు, సికింద్రాబాదునకు వేర్వేరు నగరపాలకసంస్థలు ఏర్పడినవి. 1960లో రెండును ఒక్కటైనవి. 2007లో మహానగరపాలకసంస్థ వచ్చినది. బొల్లారములోని రెసిడెంటు విడిదిభవనము రాష్ట్రపతి నిలయమైనది. ఐనను కంటోన్మెంటు ప్రత్యేకముగానే మిగిలి, 1924 నాటి చట్టము స్థానమున వచ్చిన 2006 నాటి చట్టము క్రింద, రక్షణశాఖ పర్యవేక్షణమున నడచుచున్నది. అచ్చటి పౌరులు తమ ఇంటికి మార్పు చేసికొనవలెనన్నను, భూమిహక్కులను గుర్తింపజేసికొనవలెనన్నను, చిరకాలముగా నడచిన త్రోవ తెఱచియుంచవలెనని కోరవలెనన్నను, సైన్యావసరములకును పౌరావసరములకును నడుమ సమన్వయము కుదురువఱకు ఎదురుచూడవలసినదే. దేశరక్షణ అత్యవసరమనుటలో సందేహము లేదు. నాటి సైన్యము పరులది, నేటి సైన్యము మనది. మనదైన సైన్యమునకును మనదైన వీథికిని నడుమ వచ్చు చిక్కును కూర్చుండి మాటలాడి తీర్చుకొనుట స్వతంత్రప్రజలకు అసాధ్యము కాదు, కారాదు.

శ్రోతలారా! ఈ చరిత్రనుండి నేను గ్రహించినది ఒక్కటి. రాజ్యములు తమ రక్షణకై, ప్రాబల్యముకై సంధులు చేసికొనుచునే యుండును. ఆ సంధుల వలన ఊళ్ళు పుట్టును, సరిహద్దులు జరుగును, నాణెములు మారును. ఐనను ఊరిలో నివసించువానికి చెప్పకుండ, అతని సమ్మతి కోరకుండ చేసిన ఏర్పాటు ఎంత నేర్పుతో చేసినదైనను అసంపూర్ణముగానే మిగులును. సికింద్రాబాదు పాలకులు దీర్ఘదర్శులు, కార్యశూరులు. వారి లోపము సామర్థ్యమున లేదు, జవాబుదారితనమున కలదు. నేడు ఆ జవాబుదారితనము రాజ్యాంగము మనకిచ్చిన హక్కు. మన వార్డు పనులేవో, మన పన్ను ఎచ్చట వ్యయమగుచున్నదో, మన వీథిపై నిర్ణయమెవరు చేయుచున్నారో అడిగి తెలిసికొనుట ప్రతిపౌరుని కర్తవ్యము. అట్లే ఈ ఊరి పాత దస్త్రములను, బజారుల చరిత్రను, వృత్తులవారి కుటుంబస్మృతులను మన పాఠశాలలు, గ్రంథాలయములు సేకరించి భద్రపఱచవలెను. ఏలయనగా సంధిపత్రములను భద్రపఱచుటకు ప్రభుత్వములున్నవి, అప్పయ్య వంటివారి చరిత్రను భద్రపఱచుటకు మనము తప్ప ఎవరును లేరు. సంధిపత్రమున పుట్టిన నగరమును ప్రజల నగరముగా సంపూర్ణము చేయు బాధ్యత మన తరముది. ఆ బాధ్యతను సికింద్రాబాదు పౌరులు సంతోషముతో స్వీకరింతురని ఆశించుచున్నాను.